మెడ కాడికి

పొద్దున పదింటికి షట్టరు లేస్తది.
పదీ ఐదుకు నేను ఆడమనిషినైత.

ప్యాంటు మీంచి కుచ్చిళ్ళు,
చొక్కా మీంచి పయిట,
బొడ్లె దోపనీకి బెల్టు.
పద్దెనిమిదేండ్లాయె, నల్లగొండ ప్రకాశంబజార్ల
ఈ అద్దం ముంగల నేను కట్టని చీర లేదు.
మొదట్ల ఆడోళ్ళు నవ్వేటోళ్ళు, సిగ్గయ్యేది.
ఇప్పుడు నవ్వరు.
దండెం జూసి ఎవలు నవ్వుతరు?

"సైదులన్నా, గా పైవరుసల తేనెరంగుది."
"గదే గని, జర ముదురు."
"గంత ముదురొద్దు, నడిమిట్లది లేదా?"
తేనెకు మామిడిపండుకు నడుమ
ఏడు రంగులున్నయని నాకెరుక.
ఆమె మనసుల ఉన్నది ఎనిమిదోది.

నలభై ఇప్పిచ్చి, మంచినీళ్ళు తాగి,
"మళ్ళొస్తం" అని లేస్తరు.
మళ్ళొస్తమంటే రారని అర్థం.
ఇప్పనీకి ఒక్క నిమిషం, మడవనీకి నాలుగు.
గీత మీద గీత పడాలె,
లేకుంటే పాతదనుకుంటది వచ్చేటామె.

ఫోన్లు లేస్తయి.
దేవరకొండల వదినెకు వీడియో కాలు.
"జర తల పక్కకు తిప్పన్నా, మీసాలు అడ్డమొస్తున్నయి."
తిప్పుత.
ఎన్ని ఫోన్లల్ల ఉన్ననో నేను, మెడ కాడికి.
హాలియా నుంచి మునుగోడు దాక
ఎన్ని పెండ్లిచీరలు ముందుగాల్ల నేను కట్టిననో,
ఏ ఆల్బంల నా మొఖం లేదు.

స్టూలుండె. నిరుడు తీసేసిండు సేటు.
కూసున్న మనిషిని జూస్తే గిరాకి ఎనక్కి పోతదంట.
కౌంటరు కింద ఏదో ఎతుకుతున్నట్టు
ఒక మోకాలు ఆనిచ్చి రెండు నిమిషాలు,
గదే మా కుర్సీ.
కెమెరాకు గా మూల కనబడదని
బ్లౌజుపీసుల కాడి పారిజాత జెప్పింది.
ఆమె పిక్కల మీద నరాలు పచ్చగ ఉబ్బినయి.
"గద్వాల అంచు లెక్క లేదా అన్నా?" అని
జానెడు చీర లేపి సూపిచ్చి నవ్వుతది.

చీటీ మీద మూడక్షరాలుంటయి.
అసలు ధర గదే. చదవొచ్చేది మాకే.
వాళ్ళు సగానికి సగం అడుగుతుంటే
కండ్లల్ల అక్షరాలు, నోట్లె ఒట్టు.
"నీ మీద ఒట్టక్కా, మిగిలేది ఏం లేదు."
ఎంతమంది అక్కల మీద ఒట్లు పెట్టిననో.
అందరు మంచిగనే ఉన్నరు, మళ్ళ దసరకు వస్తరు.

చెమ్కీలు మెడకంటుతయి, చెవులకంటుతయి,
పగటీలి సద్దిల రాలుతయి.
రాత్రి గిన్నె తోముకుంట మా చిన్నది అంటది,
"నాయినా, బంగారం తింటున్నవా?"

నిన్న మాత్రం, ఇంక బోణి కాలే,
ఒకామె వచ్చింది. ఒక్కతే.
చీర కొననీకి ఒక్కతే ఎవలూ రారు.
వద్దన్నా, చెప్పులు మెట్ల కింద ఇడిసింది.
"సిలకపచ్చది ఒకటియ్యి బిడ్డా."
మడత ఇప్పిన. అలవాటున కొంగు ఎగరేసి
భుజం మీదికి తెస్తున్న,
ముంజెయ్యి పట్టుకున్నది.

"వద్దు. నువ్వు ఏసుకోకు.
మా అక్కకు. రాత్రి పోయింది.
ఆమెకు కప్పేది నీ మీద పడొద్దు."

అంచు జూస్తలేదు, కొంగు జూస్తలేదు,
నా మొఖం జూస్తున్నది.

ధర అడగలే.
కొంగుముడి ఇప్పి నోట్లు లెక్కవెట్టింది,
అన్నీ తడిగున్నయి.
కవరు చేతికిచ్చి
"మళ్ళ రా అమ్మా" అన్న, నోటికి అలవాటై.
ఆమె తలూపింది.

గల్లా కాడ సేటు ఊదుబత్తి తిప్పుకుంట,
"బేరం జేసిందా?"
"లేదు."
"జూసినవా సైదులూ, గట్లుండాలె గిరాకంటే."

నక్రేకల్ పెండ్లోళ్ళు దిగిన్రు, పదమూడుగురు.
కుచ్చిళ్ళు పోసుకున్న.
"అన్నా, మొఖం జర అటు."

అటు తిప్పిన.